ఫైలు పాడవలేదు: పాత ‘పద్మ’ కొత్త ఫైర్‌ఫాక్స్‌లోకి ఎందుకు ఎక్కదు?

“ఈ యాడ్-ఆన్ ఇన్‌స్టాల్ చేయలేకపోయాం, ఫైలు పాడైపోయినట్టుంది.” పాత సంచికలన్నీ యూనికోడ్‌లోకి మార్చి ఆన్‌లైన్‌లో పెడదాం అనుకున్నప్పటి నుంచి మన క్లబ్ వాట్సాప్ గ్రూపులో ఎక్కువసార్లు పడ్డ స్క్రీన్‌షాట్ ఇదే. “ఏందన్నా, నాలుగుసార్లు డౌన్‌లోడ్ చేశా, నాలుగుసార్లూ పాడైందనే అంటంది” అని ఒక తమ్ముడు. “నా ల్యాప్‌టాప్‌కి వైరస్ పట్టిందేమో” అని ఇంకో చెల్లెమ్మ. వైరస్ లేదు, నెట్ తేడా లేదు, ఫైలు నిక్షేపంలా ఉంది. బ్రౌజర్ చెప్పే కారణమే తప్పు. అసలు కారణం తెలిస్తే ఆ ఫైలులోంచి మనకి కావాల్సింది బయటికి తీసుకోవచ్చు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఈ పాత యాడ్-ఆన్ గోల మనకెందుకో చెప్తాను. మన దగ్గర మూడు రకాల సరుకు ఉంది. ఒకటి, మన పాత సంచికల పేజ్‌మేకర్ ఫైళ్లు, అన్నీ అను ఫాంట్లలోనే. రెండు, ఎవరో సీనియర్ పాతికేళ్ల నాటి నుంచి దాచుకున్న తెలుగు వెబ్ పేజీలు: కథలు, కవితలు, సాహిత్యం పేజీలు, ఒక సీడీ నిండా. మూడోది మన సాహిత్యం కాదు, మన ఊళ్లది. పర్చూరు వైపు నుంచి వచ్చిన ఒక మిత్రుడు తెచ్చిన వ్యవసాయ కరపత్రాల పీడీఎఫ్‌లు. 2021–22 సీజన్లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు ఇటు గుంటూరు, అటు ప్రకాశం వైపు ఎన్ని చేలు పోయాయో ఈ పత్రిక చదివేవాళ్లలో సగం మందికి ఇంట్లోనే తెలుసు. ఆ కరపత్రాల్లో ఒకటి తెరిచి, వెతుకు పెట్టెలో “తామర” అని కొట్టి చూడండి. సున్నా ఫలితాలు. కంటికి ఎదురుగా పెద్దక్షరాల్లో “తామర పురుగు” అని కనపడుతూనే ఉంటుంది. కంప్యూటర్‌కి మాత్రం అక్కడ ఆ మాటే లేదు.

లేదంటే నిజంగానే లేదు. అక్కడున్నది తెలుగు కాదు, తెలుగు వేషం వేసిన ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ.

ఈ వేషం సంగతి కాస్త నిదానంగా చూద్దాం. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే చోటుంది, 128 గళ్లు. కానీ మన డెస్క్‌టాప్‌లు దాన్ని సరిగ్గా చూపించడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోపు ప్రెస్సులు ఆగవు కదా. గుంటూరు అరండల్‌పేటలో పెళ్లికార్డు కావాలి, మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టుకి బిల్లు పుస్తకం కావాలి, పత్తి విత్తనాల కంపెనీకి కరపత్రం కావాలి. అందుకని ఫాంట్లు తయారుచేసినవాళ్లు ఒక అడ్డదారి తొక్కారు. మామూలు ఇంగ్లీషు ఫాంటులో ఉండే రెండొందల పైచిలుకు గళ్లు తీసుకుని, వాటిలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. అక్షరాలు కాదు, ముక్కలు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో తలకట్టు లేని ‘క’ ఒళ్లు, ఇంకో గడిలో ‘చ’ వత్తు, మరో గడిలో ‘మి’ మొత్తం రెడీమేడ్‌గా. మొత్తం అచ్చుపెట్టెలో సీసం అక్షరాల పద్ధతే. ఏ ముక్క ఏ గడిలో అన్నది ఎవరి ఫాంటు వాళ్ల ఇష్టం. ఒక కంపెనీ ఫాంటులో తలకట్టు ఉన్న గడిలోనే ఇంకో కంపెనీ ఫాంటులో ‘డ’ ఉంటుంది. ఫాంటు తీసేస్తే మిగిలేది టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అచ్చులు, కాపీరైట్ గుర్తులు, పౌండ్ గుర్తులు.

ఆ రోజుల్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు కూడా ఇట్టాగే నడిచాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే ఫాంటు దానంతటదే పేజీతోపాటు దిగేది, చక్కగా చదువుకునేవాళ్లు. ఫైర్‌ఫాక్స్‌లోనో లినక్స్‌లోనో తెరిస్తే పిచ్చి గీతలు. అప్పటికి అమెరికాలో ఉన్నవాడు పొద్దున్నే ఊరి వార్త చదవాలంటే విండోస్, ఎక్స్‌ప్లోరర్ రెండూ ఉండాల్సిందే. ఒకవేళ చదివినా, అందులోంచి ఒక పేరా కాపీ చేసి స్నేహితుడికి మెయిల్ పెడితే అవతల చేరేది మళ్లీ పిచ్చి గీతలే.

దీనికి మందుగా వచ్చిందే ‘పద్మ’. నాగార్జున వెన్న రాసిన ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్. ఫాంటు కోడ్‌లో ఉన్న పేజీ తెరవగానే, ఏ ముక్కకి ఏ ఫాంటు పెట్టారో చూసి, దాన్ని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. తెలుగుతో మొదలై తమిళం, మలయాళం, హిందీ లాంటి మిగతా లిపుల పత్రికల ఫాంట్లకీ పాకింది. జీపీఎల్ లైసెన్సు, అంటే ఎవరైనా లోపల చూడొచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అదే లైసెన్సుతో పంచొచ్చు. ఈ ఒక్క మాట దగ్గర ఆగి గుర్తుపెట్టుకోండి, చివర్లో మన పని జరిగేది దీనివల్లే.

ఇదంతా ఉత్త ‘ఫైండ్ అండ్ రీప్లేస్’ కదా, పైథాన్‌లో పది లైన్లు కొడితే పోలా అని మనవాళ్లలో కొందరు అన్నారు. కాదు. మన రెండు పంటల పేర్లే తీసుకుందాం.

‘మిర్చి’ని యూనికోడ్‌లో దాచితే వరుస ఇది: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి. ఆరు గుర్తులు, మనం పలికే వరుసలోనే. ఇప్పుడు ఆ మాటని కంటితో చూడండి. గుడి ఎక్కడుంది? పలికేటప్పుడు ‘ఇ’ వచ్చేది ‘చ’ తర్వాత. రాసేటప్పుడు గుడి ఎక్కేది ‘ర’ నెత్తిన, ‘చ’ పాపం వత్తై కింద కూర్చుంటుంది. ఫాంటు కోడ్ కంటికి కనపడే వరుసలో నడుస్తుంది కాబట్టి అందులో ఉండేది: మి, రి, చ వత్తు. మూడే ముక్కలు. ఉన్నదున్నట్టు ఒక్కో ముక్కని మార్చుకుంటూ పోతే ‘మిరి’ తర్వాత ఒక అనాథ వత్తు వేలాడుతుంది. కాబట్టి ప్రోగ్రామ్ చ వత్తు చూడగానే వెనక్కి వెళ్లాలి, ‘రి’ మీద గుడిని ఊడదీసి చేతిలో పట్టుకోవాలి, పొల్లు పెట్టి, ‘చ’ రాసి, అప్పుడు గుడిని తిరిగి తగిలించాలి. ‘పత్తి’దీ ఇదే కథ: ప, తి, త వత్తు అని ఉన్నదాన్ని ప, త, పొల్లు, త, గుడి చెయ్యాలి. ఇంకా కొన్ని ఫాంట్లలో ర వత్తు హల్లు కంటే ముందే వస్తుంది, పాత అచ్చులో ‘క్ర’ రాసినట్టు. అప్పుడు వెనక్కి కాదు, ముందుకి చూడాలి. ‘మ’, ‘య’ లాంటివి ఒక్కోచోట రెండు ముక్కల అతుకు. అంటే అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసిన పార్సర్ కావాలి. కంపైలర్ డిజైన్ క్లాసులో నిద్రపోయినవాళ్లకి ఇక్కడ కొంచెం పశ్చాత్తాపం తప్పదు.

పద్మలో ఉన్నది ఈ పార్సరూ, ఒక్కో ఫాంటుకి ఒక్కో పట్టికా. ఆ పట్టికలే దాని ప్రాణం. ఎవరో కూర్చుని గడి గడికీ చూసి రాసినవి.

ఇక ఇన్‌స్టలేషన్ కష్టాలు. అవి మనతో మొదలుకాలేదు, ఆ రోజుల్లోనే బోలెడు. పద్మ యూనికోడ్‌లోకి మార్చి ఇస్తుంది సరే, ఆ యూనికోడ్‌ని చూపించేది ఎవరు? విండోస్ 98కి తెలుగు రాదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది కానీ, కంట్రోల్ ప్యానెల్‌లో భాషల సెట్టింగుకి వెళ్లి సంక్లిష్ట లిపుల ఫైళ్లు వేసుకోమని టిక్ పెట్టాలి. టిక్ పెడితే అది విండోస్ సీడీ అడుగుతుంది. ఊళ్లో నెట్ సెంటర్‌లో కూర్చున్నవాడికి సీడీ ఎవరిస్తారు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరు చెప్తారు? ఆ టిక్ లేకపోతే గుణింతాలు, వత్తులు విడివిడిగా పడి, పద్మ పెట్టక ముందు ఒక రకం పిచ్చి గీతలు, పెట్టాక ఇంకో రకం. లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ 2 దాకా ‘పాంగో’ అనే లైబ్రరీని ఆన్ చేసిన బిల్డ్ అయితేనే తెలుగు సరిగ్గా అతుక్కునేది. 2008లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3తో ఆ బాధ తీరింది.

తర్వాత వెర్షన్ నంబర్ల బాధ మొదలైంది. పాత ఎక్స్‌టెన్షన్ లోపల ‘ఇన్‌స్టాల్ డాట్ ఆర్‌డీఎఫ్’ అని ఒక ఫైలు ఉంటుంది. నేను ఈ వెర్షన్ నుంచి ఈ వెర్షన్ దాకా పనిచేస్తాను అని అందులో రాసుకుంటుంది. 2011 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 5 నుంచి ఆరు వారాలకో కొత్త నంబరు రావడం మొదలయ్యేసరికి, కోడ్‌లో ఏ తేడా లేకపోయినా నంబరు దాటిందన్న ఒక్క కారణంతో ఎక్స్‌టెన్షన్లు ఆగిపోయాయి. బీటా ఛానెల్ వాడేవాళ్లకి ఆ దెబ్బ ఇంకా ముందే తగిలేది. అప్పట్లో జనం ఆ ఫైలు తెరిచి పై నంబరు చేత్తో పెంచుకునేవాళ్లు. 2012 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 10 నుంచి నంబరు దాటినా మామూలుగా రానిచ్చారు. ఇప్పుడు కూడా కొన్ని పాత బ్లాగులు ఆ నంబరు మార్చమనే సలహా ఇస్తాయి. దానివల్ల ఈ రోజు పైసా లాభం లేదు, ఎందుకో చూడండి.

2016 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ 48 వచ్చింది. అప్పటి నుంచి మామూలు ఫైర్‌ఫాక్స్‌లోనూ బీటాలోనూ మొజిల్లా సంతకం లేని యాడ్-ఆన్ ఎక్కదు. సంతకం అంటే డిజిటల్ సంతకం. ఫైలులో ఒక్క కామా మార్చినా అది చెల్లదు. నంబరు మార్చే కిటుకు అక్కడితో చచ్చింది. అసలు పెద్ద గోడ 2017 నవంబర్ 14న లేచింది, ఫైర్‌ఫాక్స్ 57. ఆ రోజు నుంచి పాత ‘జూల్’ పద్ధతి ఎక్స్‌టెన్షన్లు మొత్తానికే బంద్, ‘వెబ్‌ఎక్స్‌టెన్షన్’ పద్ధతి ఒక్కటే. కొత్త పద్ధతిలో బ్రౌజర్ ముందుగా వెతికేది ‘మానిఫెస్ట్ డాట్ జేసన్’ అనే ఫైలు. పద్మ ప్యాకెట్‌లో అది లేదు, పుట్టేనాటికి ఆ పేరే లేదు. బ్రౌజర్ వెతికింది, దొరకలేదు, “ఫైలు పాడైంది” అనేసింది. మీ స్క్రీన్‌షాట్ వెనక ఉన్నది ఇంతే.

ఫైర్‌ఫాక్స్ వాళ్లు అన్యాయం చేశారా? నా లెక్కలో చేసింది సరైన పనే, చేసిన తీరు చిన్న భాషల మీద భారంగా పడింది. పాత పద్ధతిలో ఒక ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్ గుండెలో చెయ్యిపెట్టగలదు, మీ హార్డ్‌డిస్క్‌లో ఫైళ్లు కూడా చదవగలదు. ఇంటి తాళాలు మొత్తం పనిమనిషికి ఇచ్చినట్టు. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే బ్రౌజర్‌లో అది ఎల్లకాలం నడవదు. కానీ పెద్ద ఎక్స్‌టెన్షన్లకి తిరగరాయడానికి టీములు ఉంటాయి, తెలుగు కన్వర్టర్‌కి ఉండేది ఒకరిద్దరు, అదీ తీరిక వేళల్లో. 2018 అక్టోబర్ నాటికి మొజిల్లా తన సైటులో పాత పద్ధతివన్నీ తీసేస్తామని ప్రకటించింది, తీసేసింది కూడా.

అన్నట్టు, చాలామంది కలిపేసే ఇంకో సంగతి. ప్లగ్-ఇన్ వేరు, ఎక్స్‌టెన్షన్ వేరు. ఫ్లాష్, జావా ఆప్లెట్ లాంటివి ప్లగ్-ఇన్లు. బ్రౌజర్ బయట ఉండే ప్రోగ్రామ్‌ని లోపలికి తెచ్చుకునే పాత నెట్‌స్కేప్ నాటి ద్వారం. ఆ ద్వారం క్రోమ్‌లో 2015లో, ఫైర్‌ఫాక్స్‌లో ఫ్లాష్‌కి తప్ప మిగతావాటికి 2017 మార్చిలో మూసేశారు. పద్మ ఆ జాతి కాదు, అది ఉత్త జావాస్క్రిప్ట్. అందుకే దానికి ఇంకా ఆశ ఉంది.

ఏం చెయ్యాలో ఇప్పుడు. ఎక్స్‌పీఐ ఫైలు అంటే జిప్ ఫైలే. ఎక్స్‌టెన్షన్ పేరు జిప్ అని మార్చి విప్పండి. లోపల ఇంకో జార్ ఫైలు ఉంటే అదీ జిప్పే, దాన్నీ విప్పండి. ఫాంట్ల పేర్లతో జావాస్క్రిప్ట్ ఫైళ్లు కనపడతాయి. మెనూలు, బటన్లు, కిటికీలకి సంబంధించిన జూల్ భాగం పక్కనపెట్టేయండి, అది పోయినట్టే. పట్టికలు, పార్సర్ తీసుకోండి. ఒక ఖాళీ ఫోల్డర్‌లో చిన్న మానిఫెస్ట్ రాసి, ఈ ఫైళ్లని కంటెంట్ స్క్రిప్టుగా చూపించండి. పేజీలో ఉన్న పాఠ్యపు ముక్కల్ని ఒక్కొక్కటీ నడిచి, దాని మీద పెట్టిన ఫాంటు పేరు మన పట్టికల్లో ఉంటేనే మార్చాలి. ఈ షరతు మర్చిపోతే పేజీలో ఉన్న మామూలు ఇంగ్లీషు కూడా తెలుగు ముక్కలైపోతుంది. జీపీఎల్ కాబట్టి లైసెన్సు ఫైలు, మూల రచయిత పేరు అలాగే ఉంచండి. ఇది మర్యాద ఒక్కటే కాదు, షరతు.

ఎక్కించడానికి ఫైర్‌ఫాక్స్ అడ్రస్ గడిలో ‘అబౌట్ కోలన్ డీబగ్గింగ్’కి వెళ్లి, తాత్కాలిక యాడ్-ఆన్‌గా ఆ మానిఫెస్ట్‌ని చూపిస్తే చాలు, సంతకం అడగదు. బ్రౌజర్ మూసి తెరిస్తే పోతుంది, మళ్లీ చూపించాలి. శాశ్వతంగా కావాలంటే మొజిల్లా సైటులో ఖాతా తెరిచి, జాబితాలో పెట్టకుండా సంతకం మాత్రం చేయించుకోవచ్చు, డబ్బులు అక్కర్లేదు. ఉబుంటు 22.04, ఆ తర్వాతవి వాడేవాళ్లకి ఒక మాట: అందులో ఫైర్‌ఫాక్స్ ‘స్నాప్’ రూపంలో వస్తుంది, అది ఒక కంచెలో నడుస్తుంది. టెంప్ ఫోల్డర్, చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లు దానికి కనపడవు. మీ ఫోల్డర్‌ని హోమ్‌లో మామూలు చోట పెట్టండి. ల్యాబ్ కంప్యూటర్లలో అడ్మిన్ పాలసీ యాడ్-ఆన్లనే ఆపేసి ఉంటే మాత్రం ఏ కిటుకూ పనిచేయదు, సార్‌ని అడగడమే దారి.

తిరగరాసే ఓపిక లేక పాత పద్మనే ఉన్నదున్నట్టు నడపాలనుకునేవాళ్లకి, ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్ఆర్ పాత పద్ధతిని ఒప్పుకున్న చివరి ఈఎస్ఆర్. అందులో ‘అబౌట్ కోలన్ కాన్ఫిగ్’లో సంతకం తప్పనిసరి అన్న సెట్టింగుని ఆపొచ్చు. ఆపక తప్పదు కూడా, ఎందుకంటే మొజిల్లా సర్టిఫికెట్ ఒకటి 2019 మే 4న గడువు తీరి, లోకమంతా యాడ్-ఆన్లు ఆగిపోయాయి. పాత వెర్షన్లలో సంతకం ఉన్నవి కూడా అనుమానితులే. కానీ ఇది వర్చువల్ మెషిన్‌లో, నెట్ తీసేసి మాత్రమే. ఏళ్ల తరబడి సెక్యూరిటీ ప్యాచ్ లేని బ్రౌజర్‌తో నెట్‌లో తిరగొద్దు. అలాగే “ఫ్రీ తెలుగు కన్వర్టర్” అంటూ ఊరూపేరూ లేని సైట్లు ఇచ్చే ఈఎక్స్ఈ ఫైళ్ల జోలికి పోవద్దు.

సీడీలోని పాత పేజీలు ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆ పేజీల్లో చాలావాటికి ఎన్‌కోడింగ్ ఏదో రాసి ఉండదు. వాటిని పాత పశ్చిమ యూరప్ ఎన్‌కోడింగ్‌గానే తెరవాలి. ఏ ఎడిటర్‌లోనో యూటీఎఫ్-8 అనుకుని తెరిస్తే, అర్థంకాని ప్రతి గుర్తు చోటా ఒకే రకం ప్రశ్నార్థకపు డైమండ్ వస్తుంది. చూసి మూసేస్తే ఫర్వాలేదు. సేవ్ కొట్టారా, తలకట్టూ గుడీ చ వత్తూ అన్నీ ఒకే డైమండ్ అయిపోతాయి, ఏ పద్మా వెనక్కి తేలేదు. కాబట్టి అసలు ఫోల్డర్‌ని ‘రీడ్ ఓన్లీ’ చేసి, కాపీ మీదే పని చేయండి.

పీడీఎఫ్‌లకి ఎక్స్‌టెన్షన్ నేరుగా పనిచేయదు. అందులోంచి పాఠ్యం కాపీ చేసి, కన్వర్టర్‌కి విడిగా ఇవ్వాలి. ఓసీఆర్ చేస్తే పోతుంది కదా అంటారు. టెసెరాక్ట్‌కి తెలుగు వచ్చు, స్కాన్ కాగితాలకి అదే దిక్కు. కానీ ఓసీఆర్ తప్పులు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటాయి. ‘ప’ ఒకసారి ‘ష’ అవుతుంది, ఇంకోసారి కాదు. పట్టికలో తప్పుంటే ప్రతిచోటా అదే తప్పు, ఒక్కసారి దిద్దితే అన్నిచోట్లా పోతుంది. పురుగుమందు మోతాదు రాసి ఉన్న కరపత్రం విషయంలో ఈ తేడా చిన్నది కాదు. అందుకే మార్చినదాన్ని అసలు పేజీ పక్కన పెట్టి, కనీసం అంకెలన్నా ఇద్దరు చదవాలని నియమం పెట్టుకున్నాం.

మన సంచికల్లో వాడిన అను ఫాంటుకి పట్టిక మనమే తయారుచేస్తున్నాం. పద్ధతి తేలిక, విసుగు ఎక్కువ: ఒక్కో గడిలోని గుర్తుని ఆ ఫాంటులో పెట్టి, ఏ ముక్క కనపడిందో చూసి స్ప్రెడ్‌షీట్‌లో రాయడం. ఫాంటు వెర్షన్ మారితే మళ్లీ సరిచూసుకోవాలి. సగం పైన అయింది. మిగిలినవి ఎక్కువగా వత్తులే, ‘ఞ’ వత్తు, ‘ఠ’ వత్తు లాంటి అరుదైనవి. ఇంట్లో డీటీపీ తెలిసినవాళ్లు ఉంటే వాళ్లకి కీబోర్డు చూడకుండానే ఇవన్నీ నోటికి వస్తాయి. బ్రాడీపేటలో ఒక డీటీపీ షాపాయన మాకు పదిహేను గళ్లు టీ తాగేలోపు చెప్పేశాడు. షీట్ లింకు గ్రూపులో ఉంది, పేరు రాసి ఒక వరుస తీసుకోండి.